పొట్టి గుర్రాలకు నేనిచ్చిన దాణా

ఇరవై ఏళ్ళు దాటింది. ఇంట్లో ఫోను మోగితే ఇప్పటికీ నా గుండె ఒక్కసారి జారిపోతుంది. చేసింది పిల్లలే అని తెలిసినా ముందు ఆ భయం వస్తుంది, తరవాతే తెలివి వస్తుంది. ఈ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. మా ఆయనతో చెప్పలేదు. అన్నవరం కొండెక్కి స్వామి ముందు నిలబడినప్పుడు కూడా మనసు ఆ మాట దాకా వచ్చి పక్కకు తప్పుకుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

తొంభైల చివరి మాట. రాజమండ్రిలో మాకు దాణా కొట్టు ఉండేది. కోళ్ళ దాణా, పశువుల దాణా, చేపల మేత అమ్మేవాళ్ళం. మధ్యాహ్నం మా ఆయన భోంచేసి కునుకు తీసే వేళ నేను కొట్లో కూర్చునేదాన్ని. నేను బీఎస్సీ జువాలజీ చదివాను. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు నేనే తెలియజేసేదాన్ని. కోడి తూలుతోందనో, గేదె మేత ముట్టడం లేదనో ఎవరైనా వచ్చి అడిగితే చాలు, పుస్తకాల్లోది నాలుగు ముక్కలు చెప్పి, చదువుకున్న అమ్మగారు అనిపించుకోవాలని ఎంత ఆరాటపడేదాన్నో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం కన్నయ్య వచ్చారు. అరవైకి దగ్గర వయసు. ఒకప్పుడు మా ఊళ్ళోనే జట్కా తోలేవారు. ఆటోలొచ్చాక జట్కా పోయింది, గుర్రమూ పోయింది. కడియంలో ఒక నర్సరీ యజమాని, మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ళ పిల్లలు సరదాపడతారని, మనిషి నడుం ఎత్తు కూడా లేని పొట్టి గుర్రాలు రెండింటిని ఎక్కడినుంచో తెప్పించి, వాటిని చూసుకోవడానికి ఈయనను పెట్టుకున్నాడు. మళ్ళీ గుర్రాల దగ్గర పని దొరికిందని కన్నయ్య సంతోషం అంతా ఇంతా కాదు. వాటికి ఉలవలు, పచ్చగడ్డి పెట్టేవారు. యజమానికి అది నచ్చలేదు. కోళ్ళకూ రొయ్యలకూ కంపెనీ దాణా ఉన్నప్పుడు గుర్రాలకు ఉండదా, కనుక్కుని తీసుకురా అన్నాడట.

గుర్రాల దాణా మా దగ్గర లేదు. చుట్టుపక్కల ఏ కొట్లోనూ ఉండేది కాదు. నాకు తెలియదు బాబాయ్, పశువుల డాక్టరుగారిని అడగండి, అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనడం నాకు నామోషీ అయింది.

బస్తాల మధ్య నిలబడి ఆలోచించాను. ఊరికే చెయ్యి చూపించలేదు, నిజంగానే ఆలోచించాను. పశువుల దాణాలో యూరియా ఉంటుంది. అది నెమరువేసే జంతువుకే పడుతుంది, గుర్రం నెమరువెయ్యదు కాబట్టి వద్దు. చేపల మేత వాసనకే గుర్రం పారిపోతుంది. ఇక మిగిలింది ఎదిగే కోళ్ళకు పెట్టే దాణా. మాంసకృత్తులున్నాయి, విటమిన్లున్నాయి. నా తెలివికి నాకే ముచ్చటేసింది. విప్పి ఉన్న బస్తాలోంచి ఇరవై కిలోలు లూజుగా తూచి, ఆయన తెచ్చుకున్న గోనెసంచిలో పోశాను. మొదట్లో ముట్టకపోతే బెల్లం నీళ్ళు చల్లి పెట్టమని కూడా చెప్పాను. ఆయన అడగలేదు. నేనే చెప్పాను.

మర్నాడు ఆ బస్తా ఖాళీ అయితే దులుపుతున్నాను. కుట్టు దగ్గర కంపెనీవాళ్ళ చీటీ వేలాడుతోంది. రోజూ చూసేదే, ఎప్పుడూ చదివింది లేదు. లూజుగా అమ్మితే ఆ చీటీ మా దగ్గరే ఉండిపోతుంది, కొన్నవాళ్ళకు చేరదు. ఆ రోజు ఎందుకో చదివాను. చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. కోళ్ళకు రోగం రాకుండా కలిపిన మందు పేరు, దాని కింద ఒక వాక్యం. గుర్రాలకు పెట్టరాదు, ప్రాణాపాయం.

అక్కడే బస్తా మీద కూలబడ్డాను. ముందు నాకేం గుర్తొచ్చిందో చెప్పాలి. మా ఆయన గుర్తొచ్చారు. నీకెందుకు ఆ పెత్తనం అంటారని. తరవాత కొట్టు లైసెన్సు. తరవాత మా వీధి. గుర్రాలు ఆఖర్న గుర్తొచ్చాయి.

నర్సరీ ఫోను నంబరు మా ఆయన డైరీలో ఉంది. వెతికి ఫోను చేశాను. మూడుసార్లు మోగాక యజమాని తీశాడు. హలో, ఎవరండీ? మాట్లాడండీ, అన్నాడు. పెట్టేశాను. కాసేపాగి మళ్ళీ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. ఆ వాసనకు గుర్రాలు అసలు ముట్టవులే అని నాకు నేను చెప్పుకున్నాను. బెల్లం నీళ్ళ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని కల్పించుకున్నాను. కడియం ఎంత దూరం? ఆటో ఎక్కితే అరగంటలో దిగుతాను. యజమానితో పని లేకుండా నేరుగా కన్నయ్య దగ్గరకే వెళ్ళి, ఆ సంచి ఇటిచ్చెయ్యండి బాబాయ్, అంటే అయిపోయేది. ఎందుకు వెళ్ళలేదు? ఈ ప్రశ్న ఎన్ని వేలసార్లు వేసుకున్నానో. గుర్రం చస్తుందేమోనన్న భయం కన్నా నా పేరు పోతుందన్న భయమే పెద్దదైంది, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

చీటీని ముక్కలు చేసి కాలవలో పారేశాను. నాలుగు రోజులు అన్నం సయించలేదు. వీధిలో జీపు ఆగితే లోపలికి పరిగెత్తేదాన్ని. ఒంట్లో బాగాలేదా అని మా ఆయన అడిగితే ఎండ అన్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం కన్నయ్య వచ్చారు. భుజాన అదే గోనెసంచి.

"మిగిలిన దాణా అమ్మగారూ. పారెయ్యడమెందుకు, కోళ్ళోళ్ళకి పనికొస్తాదని తెచ్చానండి."

"ఏమైంది బాబాయ్?" అన్నాను. తెలిసే అడిగాను.

"చిన్నది పోయిందండి. నిన్న పొద్దున్న. ఒళ్ళంతా చెమటలు పట్టేసి, ఎనక కాళ్ళు పడిపోయాయండి. పెద్దది నిలబడింది గానీ నాలుగడుగులేస్తే రొప్పుతోందండి. గన్నేరు తినేశాయంటున్నారండి మా అయ్యగారు. ఆ రోజు గన్నేరు మొక్కలు కత్తిరించారు లెండి. నేను చూసుకోకుండా అటేపు వదిలేశానంట."

"వదిలారా?"

"వదల్లేదనే అనుకుంటున్నానండి. మరి ఎలా పోద్దండీ? మీరిచ్చింది బాగానే తిన్నాయి. బెల్లం చల్లాక గిన్నె కూడా నాకేశాయండి. నేనే వదిలుంటాను. వయసైపోయింది కదండీ."

ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. చదువుకున్న మనిషి కదా, ఏం చెబుతుందోనని. నేను వదల్లేదని ఒక్కరైనా అంటారేమోనని చూశారు కాబోలు. అప్పుడు నేనన్న మాట ఇది.

"గన్నేరు చాలా విషం బాబాయ్. రెండాకులు చాలు."

అంతే. ఆయన తల దించుకున్నారు. భుజాలు కదిలిపోతుంటే కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

"అందరూ తిట్టినోళ్ళేనండి. మీరొక్కరే కూచోబెట్టి నీళ్ళిచ్చారు," అని దండం పెట్టి వెళ్ళిపోయారు.

యజమాని ఆయనను పనిలోంచి తీసేశాడు. రెండో గుర్రాన్ని ఎవరికో ఇచ్చేశాడు. గుర్రాన్ని చంపినవాడన్న పేరు కన్నయ్యకు ఉండిపోయింది. ఎవరూ ఆయన చేతికి ఒక పశువును అప్పగించలేదు. వేరే నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపే పనిలో చేరారని విన్నాను. ఎవరి గేదె అయినా ఎదురొస్తే పక్కకు తప్పుకునేవారట. ఇవన్నీ కొట్టుకు వచ్చేవాళ్ళు మామూలుగా చెప్పేవాళ్ళు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కడియం పేరు వినపడితే చాలు నా చెయ్యి త్రాసు మీద వణికేది. దానికి నరాల బలహీనత అని పేరు పెట్టుకుని మాత్రలు మింగాను.

పోయినేడు కన్నయ్య చనిపోయారని తెలిసింది. నాలోంచి ముందుగా వచ్చిన మాట ఏమిటో తెలుసా? అమ్మయ్య. ఇక అడిగేవాళ్ళు లేరు, అమ్మయ్య. ఆ మాటకు నేనే హడలిపోయాను. ఒక మనిషి పోతే గండం గడిచిందనుకునేంతగా దిగజారానా? గుర్రం పోయిన నాడు చెప్పి ఉంటే నాకు నాలుగు చీవాట్లు పడేవి. మర్నాడు చెప్పినా, పదేళ్ళకు చెప్పినా ఆ మనిషి తల ఎత్తుకునేవాడు. ఇప్పుడు చెబుదామన్నా ఆయన లేరు. ఆ తప్పు తనదేననుకుంటూ పోయారు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. పక్కగదిలో మా ఆయన పేపరు తిరగేస్తున్నారు. కుర్చీ చప్పుడైనప్పుడల్లా ఈ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటూ రాస్తున్నాను. ఇంకా భయమే. అయినా రాస్తాను. కన్నయ్య ఆ గుర్రాలను గన్నేరు వైపు వదల్లేదు. ఆ గుర్రాన్ని చంపింది నేను తూచి ఇచ్చిన దాణా. ఆ సంగతి అది చావకముందే నాకు తెలుసు.

రాసేశాను. కాగితం మీంచి చెయ్యి తీసేస్తున్నాను.