నూనెలో దాగిన పిండి

కంటికి కనబడని వెలుగుతో కొబ్బరినూనెలో మడ్డిని కొలిచిన మొదటి మనిషిని ఈ కోనసీమలో నేనే. ముప్పై ఏళ్లు అమలాపురం కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?

చెప్పలేదు లెండి. ల్యాబులో అటెండర్ని. పట్టకాలు తుడిచి బల్లల మీద పెట్టేవాణ్ణి. పాఠాలు సగం సగం చెవిన పడేవి. ఆ సగం చదువుతోనే మా తమ్ముడి భార్య పరువు తీశాను.

మామిడికుదురులో ఆమెకు నూనె గానుగ ఉంది. ఆడించిన నూనెను, మూతికి గుడ్డ కట్టిన డ్రమ్ముల్లోకి వడపోసి, వారం రోజులు కదపనివ్వదు. కొబ్బరిపిండి అడుక్కి దిగాక పైతేటనే సీసాలకు పడుతుంది. ఆ మధ్య అమలాపురంలో ఓ పెద్ద దుకాణంవారు మొదటిసారి ఆమె నూనె అడిగారు. రెండు రోజుల్లో కావాలన్నారు.

రొయ్యల చెరువులో నీళ్ల మడ్డి చూసే మీటరొకటి తెలిసినవాళ్లనడిగి పట్టుకెళ్లాను. దాని మొనలోంచి పరారుణ కాంతి వెళుతుంది. రేణువులకు తగిలి పక్కలకు చెదిరిన వెలుగు ఎంతో అంకెలో చూపిస్తుంది. నూనెలో ముంచితే అంకె సున్నాకు దగ్గర్లో ఆగింది.

“ఇంకా తేరుకోలేదేమోనండి బావగారూ.”

“మీటరు కంటే నీ కళ్లు గొప్పవా అమ్మా? పట్టించెయ్.”

“ఆయ్. మీరన్నారు గనక పట్టిస్తానండి.”

పది రోజులకు సీసాల అడుగున తెల్లటి పొర పేరుకుంది. కబురొస్తే ఇద్దరం వెళ్లాం. దుకాణం నిండా జనం.

“పిండి గానీ కలిపేరేంటమ్మా?” అన్నాడు దుకాణదారు.

ఆమె నా వైపు చూసింది.

“గుడ్డ సరిగ్గా కట్టి ఉండదండీ,” అన్నాను నేను.

ఆమె సీసాలన్నీ ఆటోలో ఎక్కించుకుంది.

ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. చెంచాడు పిండి గ్లాసు నీళ్లలో కలిపి మీటరు ముంచాను. అంకె ఎగిరి కూర్చుంది. అదే చెంచాడు తేట నూనెలో కలిపాను. అంకె కాస్త కదిలి ఊరుకుంది. నీళ్లలో వెలుగు వంగే తీరుకీ పిండి రేణువులో వంగే తీరుకీ తేడా ఎక్కువ. ఆ తేడా ఎంత ఎక్కువైతే వెలుగు అంత చెదురుతుంది. నూనెకూ పిండికీ ఆ తేడా తక్కువ, అందుకని చాలా వెలుగు తిన్నగా దాటిపోయింది. పిండి ఉంది, మీటరుకు దొరకలేదంతే. నీళ్ల కోసం చేసినదాన్ని నూనెలో ముంచినవాణ్ణి నేను. నింద మోసింది ఆమె గుడ్డ. సిగ్గుతో రెండు రోజులు వీధిలోకి రాలేదు.

మొన్న ఇదంతా రాసి ఆమెకే చదివి వినిపించాను. ఆఖర్న, “అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను,” అని ముగించాను.

ఆమె కొబ్బరి కోరడం ఆపింది.

“అందరి ముందేంటండీ బావగారూ? నన్నన్నది నిండు దుకాణంలో. ఒప్పుకున్నది ఇదిగో, ఈ వంటింట్లో. ఆ దుకాణమాయన దృష్టిలో నేనింకా పిండి కలిపేదాన్నేనండి.”