బంతిచెట్లు మనిషెత్తు పెరిగిన ఏడు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఒక్కటీ లేదు. కడపలో డిగ్రీ రెండో ఏడు బాటనీ చదువుతాంటి. సెలవులకు ఆలూరు పక్కన మా పల్లెకొస్తే ఇంటి ముందరి వేపచెట్టును కూడా శాస్త్రీయ నామంతోనే పిలుస్తాంటి (చెట్టు ఒక్కసారీ పలకలేదు). ఆ ఏడు కోతపండుగకు చర్చిలో పూల అలంకరణ మా అమ్మ వంతు వచ్చింది. అంతకుముందు ఎన్నేండ్లుగానో ఆ వంతు మా మేనత్తదే. కూలికి పోయేదానికి పూలసోకు ఏందని అత్త అన్న మాట అమ్మ చెవిన పడింది. అంతే, పెరట్లో రెండు సాళ్లు బంతినారు నాటి, బోరింగు నీళ్లు బిందెలతో మోసి పెంచింది. పూలు రాకుంటే వంతు మళ్లా అత్తకే పోతాది, అత్త మాటే నిజమైతాది.

ఆ సాళ్లను చూసి నా చదువు ఊరుకోలేదు. కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ ఒక సీసా, పూత రాలకుండా కాసే ఆక్సిన్ ఒక సీసా కొనుక్కొచ్చి, రెండూ కలిపి కొడితే ఎత్తుకు ఎత్తు, పూతకు పూత అని అమ్మకు పాఠం చెప్పినా. ఎన్ని చుక్కలు కలపాలో సీసా మీద రాసే ఉండాది. అయితే మా నాయన ఇరవై ఏండ్లు పత్తికి మందు కొట్టిన మనిషి. మా పక్క ఏ మందుకైనా కొలత ఒకటే, వీపున మోసే మందు ట్యాంకుకు సీసా మూతతో ఒక మూత. ఆయన సీసాకొక మూత పోసి, కూతురి చదువుకు మర్యాదగా ఇంకో మూత పోసినాడు. వారం వారం అదే కొలత. నేను అడ్డం చెప్పలే, మూత లెక్క నాకూ పుట్టుకతో వచ్చిందే కదా.

చెట్లు నా నడుము దాటినాయి, పండుగనాటికి నాయన తలపాగా దాటినాయి. రెండు మందులూ తోడై కాండాన్ని పైకి లాగినాయే గానీ, ఆక్సిన్ పక్కకొమ్మల్ని లేవనియ్యలే. కొమ్మ లేకుంటే మొగ్గ యాడ తొడుగుతాది? (ఇదంతా పుస్తకంలో తరువాతి పేజీలో ఉండాది. నేను ముందు పేజీ దగ్గరే పండితురాలినైపోతి.) గాలికి పడకుండా మంచంకోళ్లు, గొడుగుకర్ర, నాయన పాత పంచె పీలికలు, ఏవి దొరికితే అవి కట్టినాం.

పండుగ పొద్దున అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. దానికే నాకు భయమేసింది. కొడవలితో కాండాలు కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకొని చర్చికి నడిచింది. వేదిక ముందర నిలబెట్టేసరికి పాస్టరయ్య మాయమైనాడు, ప్రసంగం ఆకుల సందులోంచి వినపడింది. సాక్ష్యాలు చెప్పే వేళకు అత్త వెనక్కి తిరిగి, పూలు యాడ వదినా అని తియ్యగా అడిగింది. చర్చంతా నవ్వింది. అమ్మ లేచి నిలబడింది.

"పూలు రాలేదు. నా బిడ్డ చెప్తే నమ్మినా. మళ్లా చెప్పినా నమ్ముతా. తప్పు యాడ జరిగిందో అది చదివి చెప్తాది. వచ్చే ఏడు గూడా వంతు నాకే ఇయ్యండయ్యా."

నవ్వు ఆగిపోయింది. పాస్టరయ్య ఆకులు పక్కకు తోసి తల బయటపెట్టి, "అట్లే కానీమ్మా" అన్నాడు. అత్త పాటల పుస్తకంలో మొహం దాచుకుంది. నేను ఓణీతో ముక్కు తుడుచుకుంటా కూచున్నా.

ఇప్పుడు కడపలో పిల్లలకు నేనే ఆ పాఠం చెప్తాండా. అప్పటి నన్ను తలచుకుంటే నవ్వొస్తాది, పాపం, ఏమీ తెలియదు ఆ పిల్లకు. అంతమంది ముందర అమ్మ మాటిచ్చేసింది కాబట్టి ఆ పిల్ల తరువాతి పేజీ గూడా చదివింది, అంతే.