వీపులు గీసిన మనిషి

మా పై ఫ్లాట్‌లో ఉండే ఫ్రెంచి కార్టూనిస్టు పోయారు. ఒమన్‌లోని రూవిలో, పొద్దున టీ తాగుతుంటే వాచ్‌మన్ చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనా నేనూ కలిసి చేసిన ఒక పోస్టర్‌కు ఇక జవాబు చెప్పుకోవలసింది నేనొక్కణ్ణే.

తన దేశంలో ఒక మంత్రి మొహం గీసినందుకు ఆయన ఇంటి తలుపు మీద బెదిరింపులు రాశారట. అప్పటి నుంచి మొహాలు మానేశారు. ఇక్కడ మా కట్టడాల కంపెనీకి సైట్ భద్రతా పోస్టర్లు వేసేవారు. అన్నీ వీపులే. కింద తెలుగు మాటలు నావి. గీసే ముందు పెన్సిల్ పక్కన పెట్టి, మనిషి కనుమరుగయ్యేదాకా అతని నడక చూసేవారు.

రైసూత్ రేవు దగ్గరి సైట్ కోసం ఒకటి వేశారు. పరంజా మీద సేఫ్టీ బెల్టులు లేని కూలీలు. దూరంగా గొడుగు నీడలో, వాళ్ళను చూడకుండా అటు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకున్న మనిషి. మేమిద్దరం వెళ్ళి అంటించిన పూటే నిజామాబాద్ మేస్త్రీ పగలబడి నవ్వాడు. "అరె, గిది మన మేనేజర్ సాబ్ వీపే గదరా!"

మేనేజర్ మా కోస్తావాడే. ఊగిపోతూ వచ్చాడు. "ఎవడి వీపయ్యా ఇది?"

"మీకెవరిదని డౌటు సార్?" అన్నాడు మేస్త్రీ, అమాయకంగా.

మేనేజర్ నా మీద పడ్డాడు. "రాతలు నీవేగా! నీ వీసా ఎవరి చేతిలో ఉందో గుర్తుందా?"

నేను మేస్త్రీ వెనక్కి జరిగాను. ఫ్రెంచాయన మాత్రం వచ్చీరాని ఇంగ్లీషులో, "నేను వీపే గీశాను. మొహం ఆయనే తెచ్చి పెట్టుకున్నారు," అన్నారు. మేనేజర్ చేతిలో పోస్టర్ చిరిగిపోయింది. వారం తిరక్కుండా బెల్టులు వచ్చాయి.

ఆ మేనేజరే ఇప్పుడు సంతాపసభకు అధ్యక్షుడు. "నా ప్రాణమిత్రుడు" అని వాట్సాప్‌లో పెట్టాడు. ఉపన్యాసం రాసిపెట్టమని నాకే పురమాయించాడు. నా వీసా కాగితాలు ఇంకా అతని బల్ల మీదే ఉన్నాయి. ధైర్యవంతుల గురించి బీరువాలకొద్దీ చదివాను, చదవడం వేరు. ఉపన్యాసం బదులు ఇది రాశాను.

ఒమన్‌లో ఫ్రెంచాయన గీసిన మొహం ఒక్కటే, నాది. భుజం మీదుగా వెనక్కి చూస్తూ, బెదిరిన కళ్ళతో. ఇంత పిరికివాడిలా ఉన్నానా అని కోప్పడ్డాను.

"అందరూ వెళ్ళిపోతారు. నువ్వొక్కడివే భయపడుతూ వెనక్కి తిరిగి చూస్తావు. అందుకే నీ మొహం దొరికింది," అన్నారు.

ఉపన్యాసం తీసుకోవడానికి బయల్దేరానని మేనేజర్ ఫోన్ చేశాడు. గోడ మీది ఆ బొమ్మ తీసి బీరువాలో దాచాను. మళ్ళీ తెచ్చి తగిలించాను. లిఫ్టు చప్పుడవుతోంది. గోడ మీద నేను, కుర్చీలో నేను, ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం.