తలుపు వేసుకోవడం నేర్పిన కరుణమ్మ సిస్టర్

ఫ్యాను ఆపేశాక రెక్కలు పూర్తిగా నిలబడడానికి కొంత సేపు పడుతుంది. ఆ చివరి తిరుగుళ్ళలో బేరింగు సన్నగా కీచుమంటుంది. మోటార్లు చుట్టి బతికేవాడిని కాబట్టి ఆ చప్పుడును బట్టి దాని రోగమేమిటో చెప్పగలను. నా రోగం మాత్రం ఏ చప్పుడూ చేయకుండా వచ్చింది. రెక్కలు ఆగగానే మార్కాపురం ఎండ, పిలవని చుట్టంలా గదిలోకి వచ్చి నా పక్కనే కూర్చుంటుంది. కిటికీ మూసి ఉంటుంది, తలుపుకు గడియ ఉంటుంది, మూతికి మాస్కు ఉంటుంది. కడుక్కున్న చేతులను ఎక్కడా ఆనించకుండా, గోరింటాకు ఆరబెట్టుకునే పెళ్ళికూతురిలా గాలిలో పట్టుకుని కూర్చుంటాను. కడుపుకు అమర్చిన గొట్టం గుండా పాత నీళ్ళు బయటికి పోవాలి, సంచిలోని మందునీళ్ళు లోపలికి దిగాలి. చెడిపోయిన కిడ్నీలు మానేసిన పనిని ఆ నీళ్ళు చేస్తాయి. రోజుకు నాలుగు సార్లు ఇదే తంతు. కూర్చున్నంత సేపూ నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. ఆ కీచుమన్న చప్పుడు ఆగిన ప్రతిసారీ నాకు కరుణమ్మ సిస్టర్ గుర్తుకొస్తుంది.

ఆమెను మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి, బెల్టు చెప్పులు, భుజాన జిప్పు తెగిన సంచి, ఎండాకాలమైనా వానాకాలమైనా చేతిలో గొడుగు. ఒంగోలులో నేను డయాలసిస్ చేయించుకునే ఆసుపత్రి వాళ్ళు ఆమెను మా ఊళ్ళ మీదికి పంపేవారు. ఏ రోగి ఇంట్లో తనంతట తాను డయాలసిస్ చేసుకోగలడో, ఎవరు చేసుకోలేరో చూసి చెప్పడం ఆమె పని. ఆమె సరేనంటేనే డాక్టరు కడుపుకు గొట్టం వేసేవాడు. కాదంటే మళ్ళీ మిషన్ దగ్గరికే. మిషనంటే వారంలో మూడు రోజులు ఒంగోలు బస్సు, మిగిలిన రోజులు పిండి ఆరేసిన గుడ్డలా మంచం. బోరు మోటారు కాలిపోయిన రైతు నేను లేచేదాకా ఆగడు, ఆగితే అతని చేను ఆగదు. అప్పటికే కొనకనమిట్ల వైపు నుంచి వచ్చేవాళ్ళు నా దుకాణం దాటి పక్కవాడి దగ్గరికి పోతున్నారు. ఇంకొన్నాళ్ళు అట్లే తిరిగితే బోర్డు మీద నా పేరు తప్ప దుకాణంలో ఇంకేమీ మిగిలేది కాదు.

అందుకే ఆమె మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నేను పొద్దున్నే తయారై కూర్చున్నాను. భయం లేదు. లెక్కల అయ్యవారికీ నాకూ కుదరక బడి మానేశాను గానీ, వెంట్రుకలాంటి రాగితీగను చుట్టు తప్పకుండా చుట్టే చేతులు నావి. ఆమె గదిలో మూలలు చూసింది, కుళాయి తిప్పి చూసింది, మంచం కింది నుంచి మా కోడిని సగౌరవంగా బయటికి పంపించింది.

"ఏం చదువుకున్నావు మస్తానూ?"

"ఏడులో ఆపినానక్కా. ఎనిమిదో తరగతి నాకోసం ఇంకా ఎదురు చూస్తా ఉంది."

మా ఆవిడ షమీమ్ కూడా నవ్వింది. సిస్టర్ నవ్వలేదు. నా మాటకు నవ్వని మనిషి ఎదురుపడితే నాకు దురద మొదలవుతుంది. "చదువు నేనేం చేసుకుంటా? చేతులు కడుక్కో, చూస్తా," అంది.

నేర్పడానికని గొట్టం, నీళ్ళు పట్టే చిన్న తిత్తి కుట్టిన ఒక గుడ్డను నా పొట్టకు కట్టింది. మేకుకు మందునీళ్ళ సంచి తగిలించింది. నేను మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని, ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాను. అసలు గండం గొట్టం మూత తీసి సంచికి కలిపే చోట ఉంది. తెరిచిన ఆ మూతికి వేలు గానీ గుడ్డ గానీ తగిలితే క్రిములు నేరుగా కడుపులోకి పోతాయి. నేను మూత తీశాను. సరిగ్గా అప్పుడే పామూరు నుంచి షమీమ్ చిన్నాయన దిగాడు, ఒక చేతిలో బ్రెడ్డు, ఇంకో చేతిలో బత్తాయిల సంచి.

జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళకు మా ఇళ్ళలో తలుపు మూసి ఉండకూడదు. పెద్దవాళ్ళు వస్తే లేచి, రెండు చేతులతో వాళ్ళ చేతులు అందుకోవాలి. ఈ చదువులో మాత్రం నేను ఎప్పుడూ ఫస్టు క్లాసే. మాస్కు గడ్డం కిందికి లాగి, "సలాం మామూ, ఏ బస్సుకు వచ్చినావు?" అంటూ లేచి రెండు చేతులూ ఇచ్చాను. గొట్టం మూతి పోయి నేలను తాకింది.

సిస్టర్ నా పొట్టకు కట్టిన గుడ్డ ముడి విప్పసాగింది.

"అది ఉత్తుత్తి గొట్టమే గదక్కా," అన్నాను.

"గొట్టం ఉత్తుత్తిదే. మీ మామూ నిజమే గదా?"

"నేను నిజమేనమ్మా," అని మామూ ఆమెకొక బత్తాయి ఇచ్చాడు.

బస్టాండు దాకా ఆమె వెంట నడిచాను. నా కాళ్ళు వాచి ఉన్నాయి, ఆమె మాత్రం వేగం తగ్గించలేదు. గిద్దలూరు దగ్గర ఒకాయన ఉండేవాడని చెప్పింది. "చేతులంటే ఆయనవే చేతులు. గుడిలో పూజారి కూడా అంత శుభ్రంగా కడుక్కోడు. సంచి మార్చుకుంటా ఉంటే వియ్యంకుడు వచ్చినాడంట. తలుపు తీయకపోతే బాగుండదని తీసినాడు."

"తర్వాత?"

"తర్వాత ఆ ఇంటికి నేను పోయే పని లేకపోయింది."

బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగింది. "నీ చేతులు పాసయినాయి. మర్యాద దగ్గర తప్పినావు. వారం తర్వాత మళ్ళీ వస్తా. అందాకా రోజూ అరగంట తలుపేసుకుని కూర్చో. ఎవరొచ్చినా తీయొద్దు, పలకొద్దు."

"పలికితే ఏందక్కా? మాస్కు ఉంటది గదా."

"నువ్వు పలికితే వాళ్ళు పలుకుతారు. వాళ్ళు పలికితే నువ్వొక జోకు వేస్తావు. దానికి ముందు నువ్వే నవ్వుతావు."

నన్ను ఒక్క పూట చూసిన మనిషి నలభై ఏళ్ళు చూసినట్టు మాట్లాడింది.

ఆ వారం సంగతి ఏం చెప్పను. మా ఇల్లు దుకాణానికి వెనకే. నేను గదిలో కూర్చుంటే ముందువైపు రైతుల మాటలు గోడ దాటి వచ్చేవి. ఒకడు తన బోరు గురించి చెబుతూ ఉంటే, దానికి సరిపడే మాట నా నాలుక చివరికి వచ్చి ఆగేది. ఇంకొకడు, నాకన్నా నాసిరకం హాస్యగాడు, ఏదో అనేవాడు. అందరూ నవ్వేవారు. ఒళ్ళంతా దురద, నిలవనీయని కాళ్ళు, లేస్తే గడియ, కూర్చుంటే చెమట. తలుపు బాదినవాళ్ళకు షమీమ్ జవాబు చెప్పలేక సతమతమయ్యేది. మూడో రోజున నా మీద ఒక మాట కూడా పుట్టింది: "మస్తాను కలెక్టరైనాడు. చీటీ పంపితే గాని దర్శనం లేదు." బయట ఉండి ఉంటే ఆ మాట నేనే అనేవాడిని. అదే ఎక్కువ మండింది.

వారం తిరిగాక సిస్టర్ వచ్చింది. గుడ్డ కట్టింది, సంచి తగిలించింది, "ఫోను మాట్లాడి వస్తా, నువ్వు మొదలుపెట్టు," అని బయటికి పోయింది. నేను గడియ పెట్టి చేతులు కడుక్కున్నాను. మూత తీయబోతుండగా తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు.

"మస్తానూ, కళ్ళు తిరుగుతా ఉన్నాయి. కాస్త తలుపు తీయి నాయనా."

గొంతు సిస్టర్‌ది. బయట రోహిణి ఎండ. ఆమెది చిన్న వయసు కాదు. ఇది పరీక్షేమో అని ఒక మనసు, కాకపోతే అని ఇంకో మనసు. మళ్ళీ తట్టింది. ఈసారి మాట లేదు. మాట లేకపోవడమే నన్ను ఎక్కువ కదిలించింది. మూత తీసి, కలిపి, బిగించాను. నీళ్ళు దిగేదాకా ఆ తలుపునే చూస్తూ కూర్చుని, అంతా అయ్యాక ఒక్క దూకులో గడియ తీశాను. సిస్టర్ వసారాలో పీట మీద కూర్చుని షమీమ్ ఇచ్చిన మజ్జిగ తాగుతోంది.

"నిజంగానే నీకు కళ్ళు తిరిగి ఉంటే?" కోపంగానే అడిగాను.

"షమీమ్ ఉంది గదా. తలుపు తీసేవాడివి ఈ లోకంలో నువ్వొక్కడివేనా?"

ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి. నెల తిరగకముందే నాకు గొట్టం వేశారు. దుకాణం నిలిచింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆమె ముందు వసారాలో కూర్చునేది, నేను బయటికి వచ్చాకే లోపలికి వచ్చేది. మామూ కూడా అలవాటు పడి, తలుపు మూసి ఉంటే బత్తాయిలు ఒలుచుకుని తనే తినేసేవాడు.

పోయిన వానాకాలం ఆమె కురిచేడులో కొడుకు ఇంట్లో చనిపోయిందని తెలిసింది. గుండె ఆగిందన్నారు. మందునీళ్ళ సంచి, మాస్కు, సబ్బు సర్దుకుని బస్సెక్కాను. ఒంగోలు నుంచి పాస్టరుగారు సాయంత్రానికి గాని రారని, అప్పటిదాకా పెట్టె మూయరని ఆమె కొడుకు చెప్పాడు. నా వేళ అప్పటికే దాటింది. ఒక గది ఇమ్మని అడిగాను. అమ్మ గదే ఖాళీగా ఉందని చూపించాడు. ఇంకా టైముంది గదా, ముగించుకుని వచ్చి తీరిగ్గా ఆమె దగ్గర కూర్చోవచ్చనుకున్నాను.

గొట్టం కలిపాను. పాత నీళ్ళు దిగడం మొదలైంది. ఇక కొత్త నీళ్ళు ఎక్కి, మూత బిగించేదాకా లేవడానికి లేదు. బయట ప్రార్థన పాట సాగుతోంది. ఉన్నట్టుండి ఉరిమింది. వాన పట్టేలోపే తీసుకుపోదామని, పాస్టరుగారు కూడా వచ్చేసినారని ఎవరో అంటున్నారు. పాట వేగం పెరిగింది. తర్వాత తలుపు మీద దెబ్బలు.

"లోపల ఎవరు? పెట్టె మూస్తా ఉన్నారు. ఆఖరి చూపు చూసుకునేవాళ్ళు రండి."

ఇంకో గొంతు: "ఆ మార్కాపురం సాయిబు. ఇంత దూరం వచ్చి గడియ పెట్టుకున్నాడేంది?"

నేను పలకలేదు. పలికితే ఏడుపొచ్చి మాస్కు తడిసేది. మేకుల చప్పుడు లెక్కపెట్టలేదు గాని, ప్రతిదీ విన్నాను. నేను బయటికి వచ్చేసరికి ఇంట్లో ఖాళీ కుర్చీలు, గడప మీద చినుకులు. వీధి చివర గొడుగులు కదిలిపోతున్నాయి. వాటి వెనక పరుగెత్తాను. ఆమె ముఖం నాకు దక్కలేదు. మట్టి మాత్రం వేశాను.

అక్కడివాళ్ళు నన్ను గురించి ఏమనుకున్నారో నాకు తెలుసు. వాళ్ళకు చెప్పడానికి మంచి మాట ఒకటి ఆ రోజు నుంచీ వెతుకుతున్నాను, దొరకడం లేదు. మోటార్లు చుట్టుకుంటున్నాను. వేళకు గదిలోకి పోతున్నాను. ఎవరైనా తలుపు తడితే ఇప్పటికీ కాలు దానంతటదే ముందుకు లేస్తుంది. చెయ్యి మాత్రం గడియ వైపు పోదు.