పంటొచ్చిన ఏడే దిగులుపడే ఇల్లు

మేస్త్రీనై నేను కట్టిన మొదటి కట్టడం మా కోళ్ళగూడు. కోళ్ళు అందులో ఒక్క రాత్రి పడుకుని, మరుసటి దినం చెట్టెక్కినాయి. ఐదో తరగతిలో బడి వదిలిన నాకు అంతకంటే పెద్ద పరీక్ష ఎవరూ పెట్టలేదు. అయినా 1988 నాటికి పావగడ దగ్గర మా నాగలమడిక చుట్టుపక్కల మట్టి మిద్దె కారితే నన్నే పిలిచేవాళ్ళు.

ఆ చలికాలం హనుమంతరాయప్ప కబురంపినాడు. మిద్దె కారి కాదు. ఆయన భార్య లచ్చమ్మక్క మంచం దిగడంలేదు. పొద్దెక్కినా నిద్ర, లేస్తే కన్నీళ్ళు.

"ఇంటికి వాస్తు దోషమంట. వాకిలి మార్చప్పా. అప్పటికీ లేవకుంటే పుట్టింట్లో వదిలేసి వస్తా" అన్నాడు.

"నేను పోను" అని లోపల్నుంచి అక్క గొంతు.

గోడ కట్టడం కంటే పడగొట్టడం నాకు బాగా వచ్చు. అయినా గడ్డపార పక్కన పెట్టి అడిగినా.

"ఎప్పట్నుంచి అక్కా?"

"శెనక్కాయలు ఇంట్లోకి వచ్చినప్పట్నుంచి. చానా ఏండ్లుగా ఇంతే. శివరాత్రి దాటితే పోతాది."

"పోయినేడు వానల్లేక కాయే రాలేదు గదా?"

"పోయినేడు బాగనే ఉంటి."

హనుమంతరాయప్ప అందుకున్నాడు. "పంట పోయినేడు నవ్వి, పంటొచ్చినేడు ఏడ్చే మనిషిని యాడన్నా చూసినావా?"

చూడలేదు. అందుకే విడవబుద్ధి కాలేదు. మిద్దెక్కితే గవాక్షి మీద బండ ఉండె. గవాక్షి అంటే వెలుతురుకు, పొగకు కప్పులో వదిలే కంత. ఇంజనీర్లు వెంటిలేటర్ అంటారు. విత్తనం కాయలకు మంచు తగలకుండా, ఉడతలు దూరకుండా దాన్ని మూసి, శివరాత్రి దాటినాక తెరిచేవాళ్ళు. ఉన్న ఒక్క కిటికీకి మూటలు అడ్డం. కాయల్లేని ఏడు రెండూ తెరిచే ఉండె. పంటొచ్చిన ఏడు, కాయలు పెరికినాక చేన్లో పనిలేక, అక్క ఆ చీకట్లోనే ఉండేది.

బండ తీసి ఇనుప జాలీ బిగించినా. మూటలు వెనక గోడకు జరిపినాము. అక్కను పొద్దున్నే మిద్దెమీద ఎండలో కూర్చోమంటే, "నేనేమన్నా వడియమా?" అన్నది. అయినా కూర్చున్నది.

నా వైద్యం మీద నాకే నమ్మకం లేక, పావగడ డాక్టరుకు చూపించమన్నా. ఆయన మందులిచ్చి, "వెలుతురు తగ్గితే కొందరికి ఒంట్లోని గడియారం తప్పుతాది. నిద్ర, మనసు రెండూ చెడతాయి. అదొకటే కారణమని చెప్పలేం. ఒంటరిగా ఉండడం, పని లేకపోవడం, వంశంలో ఉండడం, ఏవైనా కావచ్చు" అన్నాడంట.

శివరాత్రి ఇంకా దూరముండగానే అక్క బోరింగు కాడ బిందె కోసం నలుగురితో పోట్లాడుతూ కనబడింది. వాకిలి ఉన్నచోటే ఉండె. అక్క కూడా.

అప్పట్నుంచి ఇల్లు కట్టమని ఎవరొచ్చినా వాకిలి దిక్కు తర్వాత. పగలు ఇంట్లో ఎవరు, యాడ కూర్చుంటారని ముందు అడుగుతా.

ఈ సంగతి అక్క ముందరే గొప్పగా చెప్పుకుంటే ఆమె అన్నది: "సరే మేస్త్రీ, ముందు మీ కోళ్ళగూటికి గవాక్షి పెట్టుపో."