కువైట్ అని చెప్పిన వంటపని

ఇరాక్‌లో యుద్ధం మొదలైన మరుసటి ఏడు మా ఆయన అమెరికా సైన్యానికి వంట చేశాడు. చేద్దామని వెళ్ళలేదు. కువైట్‌లో పెద్ద కిచెన్ అన్నాడు బర్ దుబాయ్ ఏజెంటు. పాస్‌పోర్ట్ అడిగితే మా ఆయన ఇచ్చేశాడు. గల్ఫులో మా పాస్‌పోర్టులు పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరే పడి ఉంటాయి, మా జేబులో ఉంటేనే వింత. ఇక అనుమానం ఎవరికొస్తుంది?

కువైట్‌లో దిగగానే బస్సెక్కించారు. అది ఇరాక్‌లో ఆగింది. నేను దుబాయ్‌కి రెండు గంటల దూరాన ఫుజైరాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసేదాన్ని. శుక్రవారం ఫోన్ వచ్చింది.

"బాంబులు పడతన్నాయే. సైరన్ మోగితే సోల్జర్లు ఇనప టోపీలు పెట్టుకుంటన్నారు. మాకు ఏప్రాన్లే," అని నవ్వబోయి ఏడ్చాడు. ఆయన ఏడుపు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

ఇరాక్ వెళ్ళకూడదని మన ప్రభుత్వం నిషేధం పెట్టింది. వెళ్ళకూడని చోటికి వెళ్ళినవాడి కోసం ఎవరి గుమ్మం తొక్కాలి? అక్కడ మిలటరీ వాళ్ళనడిగితే కాంట్రాక్టరు మనిషివన్నారట. కాంట్రాక్టరేమో ఏజెంటునడగమన్నాడట.

మేడమ్‌ని బతిమాలి సెలవు తీసుకుని వెళ్ళి ఏజెంటు కాళ్ళు పట్టుకున్నాను.

"ఏడుపు ఖలాస్ చెయ్యమ్మా. బదులు ఇంకో వంటోడెళ్తే నీ మొగుణ్ణి పంపించేస్తారు. తెలిసినోళ్ళుంటే తీసుకురా," అన్నాడు.

ఇల్లు కాలి ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు! వాణ్ణి చంపేయాలనిపించింది. అయినా, సిగ్గులేని ఆశ కూడా పుట్టింది.

ఏదో గొణుక్కుంటూ మెట్లు దిగుతున్నాను. పాస్‌పోర్ట్ పట్టుకుని ఎక్కుతున్న ఒకతను తెలుగు మాట విని ఆగాడు.

"మన గోదారోళ్ళేనా అక్కా? కువైట్‌లో వంటపనంట. ఎళ్ళమంటావా?"

దేవుడే పంపాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. నోరు మూసుకుంటే చాలు, మా ఆయన ఇంటికొస్తాడు. ఊరికే ఉండలేక, పెళ్ళయిందా అని అడిగాను.

"అయిందక్కా. ఆవిడకిప్పుడు ఏడో నెల."

"కువైట్ కాదు తమ్ముడూ, ఇరాకు. మా ఆయన అక్కడే ఇరుక్కున్నాడు. ఎళ్ళకు."

అతను నా మొహం చూసి, పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని దిగిపోయాడు. వెనక్కి పిలవాలనిపించింది. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను.

శుక్రవారం మళ్ళీ ఫోన్.

"ఏజెంటేమన్నాడే?"

"మీ బదులు ఇంకో వంటాయన కావాలంటన్నాడండీ."

"ఎవరన్నా దొరికారా?"

"లేదండీ."

"ఒక్కడు కూడానా?"

"ఒక్కడు కూడా దొరకలేదండీ," అన్నాను.