పక్కకు జరిపిన బోర్డు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక పాత అపార్ట్‌మెంట్‌కు నెలవారీ సర్వీసింగ్‌కు వెళ్లాను. నేను లిఫ్ట్ మెకానిక్‌ని. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా చాలా బిల్డింగులు నా చేతిమీదే నడుస్తాయి. అక్కడిది చేత్తో లాగి తెరిచే తలుపుల లిఫ్టు.

మా పనిలో ప్రాణం లాంటిది డోర్ లాక్. లిఫ్టు వచ్చి ఎదురుగా ఆగితే తప్ప ఆ అంతస్తులో తలుపు తెరుచుకోనివ్వదు. అది సరిగ్గా పనిచేసినంత కాలం ఎవరికీ పట్టదు. కాస్త బిగుసుకుందా, మెకానిక్‌కు తిట్లే తిట్లు.

ఆ రోజు ప్రతి అంతస్తులో తలుపు హ్యాండిల్‌కు ‘పని జరుగుతోంది, లిఫ్ట్ వాడకండి’ అన్న బోర్డు తగిలించి, కార్ టాప్ మీదికి, అంటే లిఫ్టు పెట్టె నెత్తిమీదికి ఎక్కాను. దాని మీద నిలబడి మెల్లగా పైకి పోతూ ఒక్కో లాకూ చూడాలి. మూడో అంతస్తు గడప నా ఛాతీ ఎత్తుకు వచ్చాక ఆపి, పక్కనున్న గైడ్ రైలుకు, అంటే లిఫ్టు జారే ఇనుప పట్టాకు ఆయిల్ పూస్తున్నాను.

పైన తలుపు తెరుచుకుంది. తెరుచుకోకూడని తలుపు! తలెత్తేసరికి సరోజినిగారు, చెవి దగ్గర ఫోను, ఒక కాలు గాల్లో. ఆ అంతస్తులోనే ఉండే రిటైర్డ్ టీచరు ఆవిడ.

“అమ్మా, ఆగు!” అని అరిచాను. అప్పటికే నా మీద పడిపోయారు.

చేతులు అడ్డం పెట్టాను గనక ఇద్దరం కార్ టాప్ మీదే కూలబడ్డాం. ఆమె ఫోను మాత్రం గోడ పక్క సందులోంచి జారి, కింద ఎక్కడో పగిలిన చప్పుడైంది. పెట్టె ఇంకా కిందే ఉండి ఉంటే? నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వాచ్‌మన్ బాలయ్య, నేను కలిసి ఆమెను పైకి చేర్చాం. మణికట్టు అప్పుడే వాచిపోయింది. లాకులో వేలు పెడితే మడిచిన అట్టముక్క బయటికొచ్చింది.

“ఏందిది బాలయ్యా?”

“తలుపు గట్టిగ అయితుందని అందరు పరేషాన్ చేసిండ్రన్నా. జర సులువైతదని పెట్టిన.” అతని మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ ఊపులోనే ఆమె మీదికీ తిరిగాను. “బోర్డు కనబడలేదా అమ్మా? గంత పెద్దగ రాసిన గదా!”

ఆమె గోడకు ఆనుకుని కూర్చున్నారు. “కనబడింది నాయనా. హ్యాండిల్‌కి అడ్డంగా ఉందని నేనే పక్కకి జరిపాను. అంబర్‌పేటలో మా అక్కకి బాగోలేదు, ఫోన్లో ధైర్యం చెబుతున్నాను.”

నా కోపం చప్పున దిగిపోయింది. ఆమె తెరిచి ఉన్న ఆ తలుపు వైపే చూస్తున్నారు.

“ఇన్నేళ్లూ లిఫ్టు ఉందో లేదో చూసే ఎక్కుతున్నాననుకున్నాను. ఒక్కరోజూ చూడలేదు నాయనా. అది ఉంది కాబట్టి బతికాను.”

బాలయ్య ఆటో పిలిచాడు, ఆస్పత్రికి తీసుకెళ్లాం. చెయ్యి నయమైంది. అప్పటినుంచి పని ఉన్నంతసేపూ నేను ప్రతి తలుపుకూ గొలుసు వేసి తాళం పెడుతున్నాను, బోర్డును నమ్మడం మానేశాను. కళ్లు తెరిచి ఉంటే చాలదు, కాలు పెట్టే చోట మనసు కూడా ఉండాలని కలిసినవాళ్లందరికీ చెబుతుంటాను.

మొన్న బండి మీద నారాయణగూడ చౌరస్తా దాటి వచ్చాను. దాటాక, సిగ్నల్ ఎర్రగా ఉందా, పచ్చగా ఉందా అని గుర్తు చేసుకోబోయాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. బండి పక్కకు తీసి ఆపేశాను.